రెండో పూత

చిన్నబ్బ చంకలో బూడిద గుమ్మడికాయను చూసి కూడా గురప్పకు మొదట ఏమీ తట్టలేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు ఫ్యాక్టరీ హాల్లో రెండో పూత ముగించాడు. తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్ చిన్నబ్బ చేతిలో పెట్టాడు. రెండు ఫర్లాంగులు నడిచి వచ్చి చెంగమ్మ టీ అంగడి ముందు బండ మీద కూర్చుని, చెప్పులు విడిచి కాళ్ళు చాపుకున్నాడు. రాత్రి సరిగా నిద్ర లేదు. తాళంచెవి పుచ్చుకున్న ఆ మనిషే ఇప్పుడు గుమ్మడికాయతో, సంచి నిండా టెంకాయలతో, భుజాన బంతిపూల దండతో వచ్చి చెంగమ్మను అగ్గిపెట్టె అడుగుతున్నాడు.

"ఎవురి పెండ్లప్పా?" అంది చెంగమ్మ.

"మిషన్లకు పెండ్లి," అన్నాడు చిన్నబ్బ. "రేపట్నించి మూఢమంట. రెండు నెల్లు ఏ శుభమూ చెయ్యకూడదంట. శెట్టి వాళ్ళమ్మ పొద్దున్నే పంచాంగం చూసి ఇల్లు పీకి పందిరేసింది. ఈ పొద్దు పదీ ఇరవైకి దీపం పెట్టాల్సిందేనంట. దీపం ఇంటి కాడే వెలిగించి తెచ్చినారు, హారతికి అగ్గిపెట్టె కొత్తది ఇయ్యి, పాతది ముట్టనంటాది ఆ యమ్మ."

గురప్ప చేతిలోని గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"యాడ పెడతారు దీపం?"

"మిషను కాడ."

"హాల్లోనా?"

"హాల్లో గాకుంటే మా ఇంట్లో పెడతారా?"

"అడుగు పెట్టొద్దని చెప్పినా గదా!"

"ఎవురు పెట్టినారబ్బా? నీ మాట అంటే మాకు భయం లేదా?" చిన్నబ్బ నవ్వాడు. "సెంట్రింగు పలకలు యేసినాము. గడప మీద నించి కాయలు కడిగే తొట్టి గట్టుకు ఒకటి. తొట్టి గట్టు మీద నించి మిషను దిమ్మెకు ఇంకొకటి. నీ నేలను చీమ కూడా తొక్కలేదు, పోయి సూసుకో. శెట్టి నన్ను మెచ్చుకున్నాడు కూడా."

గురప్ప గోడ గడియారం వైపు చూశాడు. పదీ పది.

"దాన్ని నమ్మొద్దు," అంది చెంగమ్మ. "అయిదు నిముషాలు ఎనక."

"పలక మీద ఎవురు పోతారు?"

చిన్నబ్బ నవ్వు ఆపేశాడు. గురప్పకూ కూతురు పంకజాక్షికీ మాటల్లేవని ఊరందరికీ తెలుసు.

"శెట్టి పెండ్లామే పోతానన్నది. ఆ యమ్మ ఎక్కితే పలక ఉంటాదా? సన్నటి మనిషి, ముత్తయిదువ కావాలని..." గొంతు తగ్గించాడు. "మీ పంకజను పొమ్మన్నారు."

గ్లాసు పగిలిన చప్పుడు చెంగమ్మ విన్నది. తల ఎత్తి చూసేసరికి బండ కింద చెప్పులున్నాయి, మనిషి లేడు.

యాభై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు మోకాళ్ళ మీద నేలలు రుద్దినవాడు. పరుగు ఆ కాళ్ళకు ఎప్పుడో మరిచిపోయిన పని. మే నెల ఎండకు తారు అప్పటికే మెత్తబడుతోంది. ఉత్త కాళ్ళతో పరిగెత్తాడు.

అది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. చిత్తూరు దాటాక పలమనేరు రోడ్డులో మూడో మైలు. మామిడి రసంలోని పులుపు సిమెంటును తింటుంది. మూడు సీజన్లకే హాలు నేలంతా గుంటలు పడింది. గుంటల్లో రసం నిలిచి పురుగు పట్టింది. సరుకు కొనే విదేశీ మనిషి వచ్చి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని చూసి, ఈ నేల మీద తయారైన డబ్బా ఒక్కటి కూడా ఓడ ఎక్కదని చెప్పి పోయాడు. అప్పుడు గంగాధరం శెట్టి మద్రాసు నుంచి కాంట్రాక్టరు రాజారత్నాన్ని పిలిపించాడు. రాజారత్నం తన మేస్త్రీ గురప్పను తెచ్చాడు.

గుంటలు పూడ్చి, రుద్ది, పైన అద్దంలాంటి పూత పూయడం గురప్ప పని. డబ్బాల మీద ఎపాక్సీ అని రాసి ఉంటుంది. పనివాళ్ళు మందు అంటారు. రెండు డబ్బాలు. ఒకదాంట్లో తేనెలా చిక్కటిది. రెండోదాంట్లో కుళ్ళిన చేప వాసన వేసేది. రెండూ కలిపితే బకెట్టు వేడెక్కుతుంది. అక్కణ్ణించి అరగంట. అరగంటలో నేల మీద పరిచేయాలి. లేదంటే బకెట్టులోనే రాయి అవుతుంది. కలిపిన మందు ఎవరి కోసమూ ఆగదు.

చిక్కటి మందు పారడానికి తిన్నరు పోస్తారు. పది పాళ్ళకు ఒక పాలు. నిన్న సాయంత్రం లెక్క చూస్తే రెండో పూతకు డబ్బాలు చాలవని తేలింది. "తిన్నరు పోసి సాగదియ్యి మేస్త్రీ, ఎవుడు సూడొచ్చినాడు?" అన్నాడు రాజారత్నం. తెల్లవారుజామున పది పాళ్ళకు నాలుగు పాళ్ళు పోశాడు.

బయట దుమ్ముగాలి. మామిడి కాలం ఈగలు. తడి పూత మీద ఈగ వాలితే అది అందులోనే ఉండిపోతుంది. అందుకని కిటికీలన్నీ తనే మూశాడు. సందుల్లో గోనెగుడ్డలు తనే కుక్కాడు. ఆ హాలును కుండలా మూసి పెట్టింది గురప్పే.

తిన్నరు ఆవిరి పొగలా పైకి పోదు. కంటికి కనపడకుండా నేలను పట్టుకుని ఉంటుంది. మూసిన గదిలో మోకాలెత్తున నిలుస్తుంది. ఆ సంగతి గురప్పకు ఎవరో చెప్పగా తెలిసింది కాదు. మద్రాసులో ఒక షెడ్డులో వెంకటముని అనే పనివాడు తలుపు దగ్గర కూర్చుని బీడీ వెలిగించి, పుల్లను కింద పారేశాడు. నేల మీద నీలం గీత ఒకటి పాకింది. పాము అంత వడిగా పాకదు. తర్వాత షెడ్డంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు శబ్దం వచ్చింది. వెంకటముని కేకలు ఎంతోసేపు లేవు. చాపలో చుట్టి తెచ్చినప్పుడు తల ఏ వైపో పోల్చుకోలేకపోయారు.

ఇన్ని తెలిసినవాడు పొద్దున తాళంచెవి ఇస్తూ చిన్నబ్బతో చెప్పిన మాటలు రెండు. "మూడు దినాలు అడుగు పెట్టొద్దు."

"ఏంటికి?" అని అడిగాడు చిన్నబ్బ.

"పెట్టొద్దంటే పెట్టొద్దు."

అడుగు పెట్టొద్దన్నాడు, వాళ్ళు పెట్టలేదు. పలకలు వేసుకుని దీపం తీసుకుపోతున్నారు. వాళ్ళ తప్పు ఏముంది? నిప్పు అనే మాట అతని నోటి నుంచి రాలేదు. వస్తే తిన్నరు మాట కూడా రావాలి.

భార్య వరదమ్మ ఉన్నన్నాళ్ళు అతను ఒక ముక్క చెప్తే తక్కిన తొమ్మిది ముక్కలు ఆమె చెప్పేది. పనికి ఆమె కూడా వచ్చేది. ఇసుక జల్లిస్తూ, నీళ్ళు మోస్తూ, "ఆయన అరిసింది నీ మింద కాదు నాయనా, నీ చెప్పులో గులకరాయి ఉండాది, నేల గీసుకుంటాదని," అని విడమరిచి చెప్పేది. మూడేళ్ళ కింద ఆమె పోయింది. అప్పటి నుంచి అతని మాటలు విరిగిన పెంకుల్లా ఎక్కడ పడ్డవి అక్కడే.

ఆమె పోయిన రోజు అతను నగరిలో ఒక అద్దకం షెడ్డులో నేల పోస్తున్నాడు. పంకజాక్షి మొదటి బస్సుకు వచ్చి షెడ్డు వాకిట్లో నిలబడింది. "అమ్మకు కడుపునొప్పి నాయనా, మెలి తిరిగిపోతాండాది, రా," అంది. "పో, వస్తా," అన్నాడు. "ఏంటికి ఇప్పుడు రావు?" అని అడిగింది. అతను తల తిప్పుకుని పనిలోకి పోయాడు. నేల ముగించుకుని చీకటి పడ్డాక చిత్తూరు ఆస్పత్రికి చేరేసరికి వరదమ్మ మీద దుప్పటి కప్పి ఉంది. కర్మాంతరం నాటి నుంచి కూతురు అతనితో మాట్లాడలేదు. ఈ ఫ్యాక్టరీలోనే కాయలు చెక్కే ఆడవాళ్ళకు మేస్త్రీ ఆమె. వారం నుంచి తండ్రి ఆ హాల్లో పని చేస్తున్నా ఆ పక్కకు తొంగి చూడలేదు.

ఇప్పుడు అదే హాల్లోకి నిప్పు పట్టుకుని పోతోంది.

గేటు దగ్గరికి వచ్చేసరికి డోలు మోత వినబడింది. గురప్ప గుండె కన్నా అది నెమ్మదిగా మోగుతోంది. హాలు తలుపు బార్లా తీసి ఉంది. గడపకు పసుపు రాశారు, మామిడాకులు కట్టారు. ఆడవాళ్ళు ఇరవై మంది దాకా వాకిట్లో మూగి ఉన్నారు. శెట్టి చేతులు జోడించుకుని ఉన్నాడు. పక్కన రాజారత్నం తెల్ల చొక్కాతో, విభూతితో, కొబ్బరిచెక్క కోసం వచ్చిన భక్తుడిలా నిలబడి ఉన్నాడు. దీపం వల్ల ఏం కాగలదో ఆ గుంపులో తెలిసినవాడు అతనొక్కడే. తెలిసీ నాలుగడుగులు వెనక్కి నిలబడ్డాడు, అంతే. తిన్నరు మాట చెప్పాల్సి వస్తుందని నోరు మూసుకున్నాడు.

గురప్ప ఆడవాళ్ళను తోసుకుంటూ ముందుకు వెళ్ళాడు.

"ఎవుడ్రా వాడు?" అంది శెట్టి తల్లి శకుంతలమ్మ. "పెండ్లాన్ని మింగినోడు ముహూర్తానికి ఎదురొచ్చినాడు! అవతలికి ఈడ్చండి వాణ్ణి!"

గురప్ప డోలు మీద అరచెయ్యి గట్టిగా అదిమాడు. మోత తెగిపోయింది.

లోపల చూశాడు.

పంకజాక్షి రెండో పలక మీద సగం దూరం పోయింది. అడుగు వెడల్పు పలక. ఎడమ చేతిలో కుచ్చెళ్ళు, కుడి చేతిలో ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో వెలిగే ప్రమిద, దాని పక్కన కర్పూరం కుప్ప. కింద తడి పూత అద్దంలా మెరుస్తోంది. అందులో ఇంకొక పంకజాక్షి తలకిందులుగా నడుస్తోంది, ఆమె చేతిలోనూ దీపం ఉంది. పలక ఆమె బరువుకు జానెడు కిందికి వంగి, అడుగు అడుగుకూ లేచి పడుతోంది. మిషను దిమ్మె మోకాలెత్తు కూడా ఉండదు. ఇంకో ఆరు అడుగులు వేస్తే చేరుతుంది. చేరి, దీపం దిమ్మె మీద పెట్టడానికి వంగుతుంది.

వంగితే అయిపోయింది.

అరవడానికి నోరు తెరిచాడు, అరవలేదు. అరిస్తే అదిరిపడుతుంది. పళ్ళెం కింద పడుతుంది. ఉమ్మి మింగి, మామూలుగా, ఇంట్లో మంచినీళ్ళు అడిగినట్టు పిలిచాడు.

"పంకజా."

ఆమె ఆగింది. తిరిగి చూడలేదు. పలక ఊగి ఊగి నిలిచింది.

"ఆణ్ణే నిలబడు. దీపం పైకెత్తు. తలకాయ కంటే పైకి."

మూడేళ్ళ తర్వాత కూతురు అతనితో అన్న మొదటి మాట అదే పాత మాట.

"ఏంటికి?"

దీపం ఆమె రొమ్ము దగ్గరే ఉంది. ఆమె పట్టుదల అతనికి తెలుసు. అది అతని దగ్గరి నుంచే వచ్చింది. చెప్పకపోతే ఎత్తదు. మొండికి ఇంకో అడుగు ముందుకు వేస్తుంది.

గురప్ప చెప్పాడు. ఒక్కో మాటా పక్కన పక్కన పేర్చినట్టు చెప్పాడు.

"నీ కాళ్ళ కింద తిన్నరు ఆవిరి నిలిచి ఉండాదమ్మా. కండ్లకు కనపడదు. మోకాలెత్తు ఉంటాది. కిటికీలన్నీ నేనే మూసినా, యాడికీ పోలేదు. మందు సాలలేదని పదికి నాలుగు పాళ్ళు పోసినా. పొయ్యకూడదు, పోసినా. దీపం కిందికి దిగితే అంటుకుంటాది. అంటుకుంటే నువ్వు మిగలవు. అందుకని పైకెత్తమంటాండా."

"ఏయ్ గురప్పా!" రాజారత్నం ముందుకు వచ్చాడు. "తాగినావా? శెట్టీ, ఈ మనిషికి పెండ్లాం పోయిన కాడ్నించి మతి సరిగ్గా లేదు."

"నోరు ముయ్యి," అన్నాడు గురప్ప, తల తిప్పకుండా. కండ్లు దీపం మీదే ఉన్నాయి.

పళ్ళెం నెమ్మదిగా పైకి లేచింది. రొమ్ము దాటింది. ముఖం దాటింది. తల పైకి పోయింది.

"ఊదేసేదా?" అంది పంకజాక్షి. ఈసారి గొంతులో పట్టుదల లేదు.

"వద్దు. ఊదితే వత్తి నిప్పు కింద పడతాది. కర్పూరం అంటుకుంటాది. అట్లనే ఎనక్కి రా. తిరగొద్దు. కాలు ఎనక్కి పెట్టు, పలక తగిలినాక బరువు మోపు."

ఒక అడుగు వెనక్కి వేసింది. రెండు. మూడో అడుగుకు పలక కొస తొట్టి గట్టు మీద కిర్రుమని రెండు వేళ్ళు జరిగింది. పళ్ళెంలో ప్రమిద జారి అంచుకు కొట్టుకుంది. నూనె బొట్టు ఒకటి ఆమె చెక్కిలి మీద పడి కారింది. ఆమె కేక వేయలేదు. వెలుగు గోడ మీద వణికింది.

ఇంకో రెండు వేళ్ళు జరిగితే పలక ఉండదు.

గురప్ప గడప దాటి తడి పూత మీద కాలు పెట్టాడు.

ముప్పై ఏళ్ళలో అతను చేయని పని అది. పచ్చి నేల మీద పిల్లి నడిచినా రాయి విసిరేవాడు. పాదం చల్లగా జారింది, జిగటగా పట్టుకుంది, పీకితే చప్పుడైంది. తను జారి పడితే పలకా దీపమూ కూడా పడతాయి. పదిహేను అడుగులు ఒక్కోటి పీక్కుంటూ పోయి పలక కింద గొంతుక్కూర్చుని, జారిన కొసను భుజం మీదికి ఎత్తుకున్నాడు. తల ఇప్పుడు మోకాలెత్తులో ఉంది. ఆవిరి కళ్ళలో కారం కొట్టినట్టు తగిలింది. గొంతులోకి దిగింది. హాలు ఒక పక్కకు ఒరిగిపోతున్నట్టు అనిపించింది. పైన దీపం ఉంది, అతను చూడలేడు. ఆమె కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. మెట్టెలు పలకను తాకుతున్న చప్పుడు వినబడుతోంది.

"రా. ఇంకొకటి. కొంచెం ఎడం పక్కకు. అదే. ఇంకొకటి."

బరువు అతని భుజం మీదికి వచ్చింది, దాటిపోయింది. ఆమె తొట్టి గట్టు ఎక్కింది. మొదటి పలక మీదికి వెనక్కి అడుగు పెట్టింది. గడప దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నడుము పట్టుకుని బయటికి లాగారు. అప్పుడు గురప్ప పలక దించి, తూలుతూ, తన అడుగుల్లోనే అడుగులు వేస్తూ బయటపడ్డాడు.

మోకాళ్ళ మీద పడి వాంతి చేసుకున్నాడు. తల ఎత్తి చూశాడు.

పంకజాక్షి పళ్ళెం పట్టుకుని గోడ వారకు పోయింది. ఇంక మోయలేకపోతోంది. కింద పెట్టడానికి వంగుతోంది. ఆ గోడ వారనే, పొద్దున పని ముగించి గురప్ప వదిలేసిన బకెట్టు ఉంది. బకెట్టులో బ్రష్షులు తిన్నరులో నానుతున్నాయి.

"అమ్మా! వద్దు!"

ఈసారి అరిచాడు. ఆలస్యమైంది. బుస్సుమని మనిషెత్తు మంట లేచింది. ఆమె వెనక్కి పడింది. పళ్ళెం ఎగిరి దూరంగా మోగింది. బకెట్టు లోంచి నేల మీద ఒలికిన తడి వెంట నీలం గీత ఒకటి తలుపు వైపు పాకింది.

"తలుపు! తలుపు ముయ్యండి!"

శెట్టి కదల్లేదు. రాజారత్నం అందరికన్నా ముందు గేటు దగ్గర ఉన్నాడు. టెంకాయల సంచి పారేసి పరిగెత్తుకొచ్చిన చిన్నబ్బ తలుపు రెక్కలు రెండూ గుంజి వీపు ఆనించి నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని దేవుడి పేరు గొణుగుతున్నాడు. గురప్ప ఇసుక కుప్ప మీద పడి దోసిళ్ళతో, చేతులతో, మోచేతులతో ఇసుక విసిరాడు. గీత చిన్నబ్బ కాళ్ళకు మూరెడు దూరంలో ఆరిపోయింది. బకెట్టు మీద గోనెసంచి కప్పి దానిమీద ఇసుక పోశాడు. పొగ వచ్చింది. ఆగింది.

శకుంతలమ్మ నేల మీద చతికిలబడి తాళిబొట్టు లేని తన మెడను తడుముకుంటోంది. ఒక బకెట్టు అడుగున మిగిలిన తిన్నరు చేసిన పని అది. హాల్లో ఎంత ఉందో ఇప్పుడు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

పంకజాక్షికి ఎడమ కనుబొమ్మ మాడింది. ముందు వెంట్రుకలు చుట్టుకుపోయాయి. అంతకు మించి ఏమీ కాలేదు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. కిటికీలు బయటి నుంచి పగలగొట్టారు. గాలి లోపలికి పోయింది, దాంతో పాటు దుమ్ము, ఈగలు, మామిడాకు ఒకటి పోయి నేల మీద వాలాయి. రాజారత్నం అప్పటికే జీపెక్కి మద్రాసు దారి పట్టాడు. అట్లాంటివాళ్ళు నేల ఆరకముందే పోతారు. శెట్టి తిట్టడానికి వచ్చి, గురప్ప ముఖం చూసి వెనక్కి తిరిగాడు. శకుంతలమ్మ మాత్రం పోతూ పోతూ అంది, "ప్రాణాలు తీసేవాడూ వీడే, నిలిపేవాడూ వీడేనంట!" ఆమె మాటలో అబద్ధం లేదు.

గురప్ప ఇసుక కుప్ప పక్కన కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చి, పక్కకు వాలింది. అరికాళ్ళకు అంటిన మందులో ఇసుక కూరుకుని ఉంది. కడుక్కోవాలని తోచలేదు.

పొద్దు వాలుతుండగా పంకజాక్షి వచ్చింది. ఎగిరిపడ్డ పళ్ళెం వెతుక్కుని, చీర కొంగుతో తుడుచుకుంటూ అతని ముందు నిలబడింది. చెక్కిలి మీద నూనె బొట్టు పడిన చోట ఎర్రగా పొంగింది.

"ఈ పొద్దు అడిగితే చెప్తివి," అంది. "ఆ పొద్దు నగరికి వచ్చి అడిగితి గదా. ఏంటికి రాకపోతివి?"

గురప్పకు పొద్దున మంట చూసినప్పుడు లేని భయం ఇప్పుడు వేసింది. అప్పుడు తలుపులు మూయడానికి చిన్నబ్బ ఉన్నాడు.

"మందు కలిపేసి ఉంటి," అన్నాడు.

"ఎంత?"

"ఒక బకెట్టు."

ఆమె పళ్ళెం తుడవడం ఆపింది. "పారబోసి ఉంటే?"

"గడ్డ కట్టేది. నేల ఆడికి ఆగిపోయేది. మళ్ళా పోసినా అతుకు కనపడేది. రాజారత్నం తిట్టేవాడు."

"అంతేనా?"

"అంతే." తక్కినది అడగకపోయినా చెప్పాడు. "కడుపునొప్పే గదా, సాయంత్రం దాకా ఉంటాదిలే అనుకుంటి. మీ అమ్మ ఎప్పుడూ ఉండేది గదా. ఉంటాదిలే అనుకుంటి."

ఏడుస్తుందని చూశాడు. తిడుతుందని చూశాడు. ఆమె రెండూ చేయలేదు.

"ఒక బకెట్టు," అంది. పళ్ళెం చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచింది. గేటు దగ్గర చిన్నబ్బ ఏదో అడిగితే బదులు చెప్పింది. వెనక్కి తిరగలేదు.

గురప్ప లేచి తెరిచిన తలుపులో నుంచి ఒకసారి లోపలికి చూశాడు. నేలంతా గట్టిపడుతోంది. దుమ్ము పట్టి మసకబారింది. మధ్యలో అతని అడుగులు పదిహేను, వేళ్ళతో సహా. వాటిని గీకి తీయాలి. మొత్తం మళ్ళీ పోయాలి. పోసేది తను కాదు.

రోడ్డు మీద పడ్డాడు. ఇసుకతో బిగుసుకున్న అరికాళ్ళు తారు మీద రాళ్ళలా టక్కుటక్కుమన్నాయి. ఆ చప్పుడు విని చెంగమ్మ అంగడి లోంచి తొంగి చూసింది. ఎవరో అనుకుంది. గురప్పను చూసి, బండ కింద నుంచి చెప్పులు తీసి ముందు పెట్టింది.

కాళ్ళు దూర్చి చూశాడు. పట్టలేదు.